‘నాకేం ఎక్కలేదు’ అన్నవాడి చేతిలో తాళంచెవి

తాగి బండి నడిపి ప్రమాదం చేసిన కుర్రవాళ్లలో చాలామంది, ఆ రాత్రి బయల్దేరే ముందు ఎవరో ఒకరితో ఈ మాట అనే ఉంటారు: "నాకేం ఎక్కలేదు." అబద్ధం చెప్పాలని అన్న మాట కాదది. వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది. నడక తడబడదు, మాట ముద్దగా రాదు, ఫోన్‌లో మెసేజ్ కూడా తప్పుల్లేకుండా టైప్ చేయగలుగుతారు. ఇంకేం కావాలి? జేబులోంచి తాళంచెవి తీసి బండి స్టార్ట్ చేస్తారు.

ఈ సమస్యలో అసలు ముడి అక్కడే ఉంది. మందు కాళ్లనీ నాలుకనీ పట్టుకోవడానికి చాలా ముందే, ‘నేనిప్పుడు ఎలా ఉన్నాను’ అని తేల్చే వివేకాన్ని పట్టుకుంటుంది. తక్కెడే చెడిపోయాక దాంతో తూచిన బరువుని ఎవరూ నమ్మరు. తాగినవాడు మాత్రం తన గురించి తనే తీర్పు చెప్పుకుని, ఆ తీర్పుని నమ్మి రోడ్డెక్కుతాడు. ఇది అన్ని వయసులవాళ్లకీ వర్తించేదే. కానీ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఆ తక్కెడ ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. దానికి కారణాలు కొన్ని శరీరంలో ఉన్నాయి, కొన్ని స్నేహాల్లో ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్ల ప్రాణాలు తీస్తున్న కారణాల్లో మొదటి స్థానం ఏ జబ్బుదీ కాదు, రోడ్డుదే. అన్నిటికీ మందే కారణమని చెప్పలేం. అతివేగం ఉంది, పాడైన రోడ్లున్నాయి, హెల్మెట్ పెట్టుకోని నిర్లక్ష్యం ఉంది. అయితే మందు ఒంటరిగా రాదు. తాగినవాడు వేగం పెంచుతాడు, హెల్మెట్‌ని అద్దానికి తగిలించి వదిలేస్తాడు, సీటుబెల్టు మర్చిపోతాడు, ఎదురుగా వస్తున్న లారీకంటే ముందే ఓవర్‌టేక్ చేసేయగలనని అనుకుంటాడు. విడివిడిగా ఉన్న ప్రమాదాలన్నిటినీ ఒకేచోటికి పిలుచుకొస్తుంది మందు.

వయసుతో తేడా ఎంత వస్తుందో చెప్పే ఒక లెక్క ఉంది. అమెరికాలో ప్రాణాంతక ప్రమాదాల రికార్డుల ఆధారంగా చేసిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 నుంచి 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న డ్రైవర్లను అందులో పరిశీలించారు. 35 ఏళ్లు, ఆపైన వయసున్న డ్రైవర్ ఇంకో వాహనంతో సంబంధం లేకుండా తనంతట తనే గుద్దుకుని చనిపోయే అవకాశం, తాగకుండా నడిపే అదే వయసు డ్రైవర్‌తో పోలిస్తే 11 రెట్లు ఎక్కువని తేలింది. 16 నుంచి 20 ఏళ్ల అబ్బాయిల్లో అది 52 రెట్లు. రక్తంలో ఉన్నది అంతే ఆల్కహాల్. మారింది నడిపేవాడి వయసు. ఇదే అబ్బాయిల్లో ఆల్కహాల్ ఇంకో 20 మిల్లీగ్రాములు పెరిగిన ప్రతిసారీ ప్రమాదం రెట్టింపుకంటే ఎక్కువ పెరుగుతోందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే ‘ఇంకొక్కటి’ అని పోసుకునే గ్లాసు వయసులో పెద్దవాడికి ఒక లెక్క, కుర్రవాడికి ఇంకో లెక్క.

ఎందుకింత తేడా? మొదటి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: అనుభవం. కొత్తగా నడపడం నేర్చుకున్నవాడి చూపు బండికి కొంచెం ముందరే తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి నడిపినవాడి చూపు దూరంగా పోతుంది. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు రోడ్డు దాటవచ్చని, పక్క సందు గోడ మీద వెలుగు పడుతోందంటే అక్కడి నుంచి బండి వస్తోందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. క్లచ్చు, గేరు, బ్రేకు సంగతి చేతులూ కాళ్లే చూసుకుంటాయి, మనసు రోడ్డు మీద ఉంటుంది. కొత్తవాడికి ఇవన్నీ ఇంకా ఆలోచించి చేయాల్సిన పనులే. మందు మొట్టమొదట దెబ్బతీసే శక్తుల్లో ఒకటి, ఒకేసారి రెండు మూడు విషయాల మీద ధ్యాస నిలపగలగడం. రక్తంలో ఆల్కహాల్ 20 మిల్లీగ్రాములకు చేరేసరికే అది తగ్గడం మొదలవుతుంది. అనుభవం ఉన్నవాడి దగ్గర కొంత మిగులు ఉంటుంది కాబట్టి కాస్త పోయినా ఇంకాస్త ఉంటుంది. కొత్తవాడు ఉన్నదంతా ముందే ఖర్చుపెడుతున్నాడు.

రెండో కారణం మెదడులో ఉంది. ‘ఆగు, ఇది మంచిది కాదు’ అని హెచ్చరించే భాగం నుదుటి వెనకాల ఉంటుంది. మెదడులో అన్నిటికంటే ఆలస్యంగా పక్వానికి వచ్చేది ఇదే. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా దాని పని పూర్తవదు. ఉత్సాహాన్ని, సాహసంలో దొరికే ఆనందాన్ని నడిపే భాగాలు మాత్రం టీనేజీలోనే జోరుగా ఉంటాయి. యాక్సిలరేటర్ ముందే బిగించారు, బ్రేకు ఇంకా బిగిస్తున్నారు. మందు వచ్చి సగం బిగిసిన ఆ బ్రేకునే వదులు చేస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. వయసు మళ్లినవాళ్లు కొంచెం తాగితే కళ్లు మూతలు పడతాయి, ఒళ్లు బరువెక్కుతుంది, ‘ఇక చాలు’ అనిపిస్తుంది. శరీరం తన పద్ధతిలో చేసే హెచ్చరిక అది. చిన్న వయసులో ఈ హెచ్చరిక బలహీనంగా ఉంటుంది. కౌమారంలో ఉన్న జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ సంగతి పదే పదే బయటపడింది: మందు తెచ్చే నిద్రమత్తు, తూలుడు లేత వయసులో తక్కువ. జ్ఞాపకశక్తికి జరిగే నష్టం మాత్రం ఎక్కువ. స్నేహితుల గుంపులో ‘వీడికి కెపాసిటీ ఉంది’ అని మెచ్చుకునేది దీన్నే. ఎంత తాగినా స్టడీగా నిలబడగలగడాన్ని గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి ఆ కెపాసిటీ రక్తంలో ఉన్న ఆల్కహాల్‌ని ఒక్క చుక్క కూడా తగ్గించదు. అలారం మోగకపోవడాన్ని మంటలు లేకపోవడంగా లెక్కేసుకోవడం అది. తూలిపోయేవాడి దగ్గర తాళం లాక్కుంటారు. స్టడీగా నిలబడ్డవాడికి ‘జాగ్రత్తగా వెళ్లు’ అని చెప్పి పంపేస్తారు.

మూడోది సావాసం. 2005లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద కారు నడిపే ఆట లాంటి పరీక్ష ఒకటి పెట్టారు. పసుపు లైటు పడ్డాక ఎంతదూరం పోతారు, ఎప్పుడు ఆగుతారు అన్నది చూశారు. ఒంటరిగా ఆడినప్పుడు టీనేజర్లకీ పెద్దవాళ్లకీ మరీ పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కనుంటే మాత్రం టీనేజర్లు, ఇరవయ్యేళ్ల ప్రాయంలో ఉన్నవాళ్లు ఎక్కువ తెగించారు. 24 దాటినవాళ్లలో అంత మార్పు రాలేదు. ఆ గదిలో ఎవరూ తాగి లేరన్నది గుర్తుంచుకోవాలి. వెనక సీట్లో ముగ్గురు అరుస్తున్నప్పుడు, మ్యూజిక్ మోగుతున్నప్పుడు, పక్క బండి మీద ఇంకో ఇద్దరు రేసుకి పిలుస్తున్నప్పుడు, పైగా ఒంట్లో మందు ఉన్నప్పుడు ఏమవుతుందో ఊహించడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇక మందు ఒంట్లో ఎలా నడుస్తుందో చూడాలి. కుర్రవాళ్లు వేసుకునే లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తాగిన ఆల్కహాల్‌లో కొంత కడుపులోంచి, ఎక్కువ భాగం చిన్నపేగులోంచి రక్తంలోకి వెళ్తుంది. ఖాళీ కడుపున తాగితే త్వరగా, తిని తాగితే నిదానంగా ఎక్కుతుంది. చివరి గ్లాసు దించాక రక్తంలో మోతాదు గరిష్ఠానికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పట్టవచ్చు. ఈ ఆలస్యం చాలా ప్రమాదకరమైంది. పార్టీ అయిపోయింది, ఆఖరి గ్లాసు ఒక్క గుక్కలో పూర్తి చేశారు, ‘ఇల్లు ఇరవై నిమిషాలే కదా, ఎక్కేలోపు చేరిపోతా’ అని బయల్దేరారు. బండి స్టార్ట్ చేసినప్పుడు ఉన్న స్థితి వేరు, సగం దారిలో ఉండే స్థితి వేరు. ఆ ఆఖరి గ్లాసు ఎక్కేది రోడ్డు మీదే.

దిగేటప్పుడు ఇంకో మోసం ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ మెలన్‌బీ 1919లోనే దీన్ని గమనించాడు. రక్తంలో ఆల్కహాల్ పెరుగుతున్నప్పుడు ఒక స్థాయిలో మత్తు ఎక్కువగా కనిపిస్తుంది. తగ్గుతున్నప్పుడు సరిగ్గా అదే స్థాయిలో మత్తు తక్కువగా కనిపిస్తుంది. అంటే ‘దిగిపోయింది’ అని అనిపించడం ముందు జరుగుతుంది, దిగడం తర్వాత జరుగుతుంది. ఈ మధ్యలో ఉన్న సమయంలోనే మనిషికి ధైర్యం వస్తుంది. రెండు గంటలు కూర్చుని కబుర్లు చెప్పుకుని, ‘ఇప్పుడు ఫ్రెష్‌గా ఉన్నా’ అని లేచినవాడి చూపు, ధ్యాస, వేగంగా స్పందించే శక్తి ఇంకా మామూలు స్థితికి వచ్చి ఉండవు.

‘బీరే కదా’ అన్న మాటని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 500 మిల్లీలీటర్ల బీరులో దాదాపు 20 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 42 శాతం ఉన్న విస్కీ 60 మిల్లీలీటర్లు తీసుకున్నా అందులో ఉండేదీ దాదాపు 20 గ్రాములే. లివర్‌కి సీసా మీద లేబుల్ కనిపించదు. స్ట్రాంగ్ బీరు అయితే 8 శాతం దాకా ఉంటుంది, అప్పుడదే సీసా 30 గ్రాములు దాటిపోతుంది.

ఒక రాత్రిని లెక్కేసి చూద్దాం. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. తాగిన ఆల్కహాల్ గ్రాములని శరీర బరువుతో, ఒంట్లో నీటి పాలుతో లెక్కగట్టి రక్తంలో మోతాదుని అంచనా వేస్తారు. 65 కిలోల అబ్బాయి రాత్రి 8 గంటలకి మొదలుపెట్టి 12 లోపు ఆ 500 మిల్లీలీటర్ల మామూలు బీర్లు ఐదు తాగాడనుకుందాం. మొత్తం 100 గ్రాముల ఆల్కహాల్. లివర్ సగటున 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించగలదు. ఈ లెక్కన అర్ధరాత్రి 12కి రక్తంలో 160 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. ఉదయం 7కి నిద్రలేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి కాలేజీకో ఆఫీసుకో బండి తీస్తే అప్పటికి ఇంకా 60 మిల్లీగ్రాములు. పూర్తిగా పోయేసరికి పగలు 11 అవుతుంది. తెల్లారి బ్రీత్ ఎనలైజర్ పరీక్షలో దొరికిపోయి ‘రాత్రెప్పుడో తాగానండీ’ అని ఆశ్చర్యపోయేవాళ్లు నటించడం లేదు. వాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదంతే. ఇది అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ మారుతుంది. అమ్మాయిల్లో అదే బరువుకి ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అంతే తాగినా మోతాదు ఇంకా ఎక్కువ వస్తుంది.

కాఫీ, చన్నీళ్ల స్నానం, గాలికి తిరగడం, వాంతి చేసుకోవడం: వీటిలో ఏదీ లివర్‌ని తొందరపెట్టలేదు. కాఫీ నిద్రని ఆపుతుంది, మత్తుని ఆపదు. ఎనర్జీ డ్రింకులో కలుపుకుని తాగడం ఈ కారణంగానే మరీ ప్రమాదం. కాస్తో కూస్తో పనిచేస్తున్న ఆ నిద్రమత్తు హెచ్చరికని కూడా కెఫీన్ నొక్కేస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010లో కెఫీన్ కలిపిన మద్యం తయారుచేసే నాలుగు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపడానికి వెనక ఉన్న ఆందోళనల్లో ఇదీ ఒకటి.

నిద్ర సంగతి విడిగా చెప్పుకోవాలి. ఉదయం 7కి లేచిన మనిషి రాత్రి 12 అయ్యేసరికి 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. 1997లో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపించిన ప్రకారం, 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవాడి పనితీరు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకి దిగజారుతుంది. అర్ధరాత్రి బండి ఎక్కేవాడు ఒక్క చుక్క తాగకపోయినా కొంత తాగినట్టే అన్నమాట. దానిమీద రెండు గ్లాసులు తోడైతే ఆ రెండూ ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. జలుబు మాత్ర వేసుకున్నా, నిద్రమాత్ర వేసుకున్నా, గంజాయి పీల్చినా కథ ఇంకా పాడవుతుంది.

రోడ్డు మీదకి వద్దాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఒక మనిషి కనిపించడం, కనిపించింది మనిషని మెదడు గుర్తించడం, బ్రేకు వేయాలనుకోవడం, పాదం కదలడం, ఇవన్నీ అయ్యేలోపు బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. మత్తులో ఈ వరుసకి అర సెకను ఎక్కువ పట్టిందనుకుంటే 8 మీటర్లు అదనం. రోడ్డు దాటుతున్న మనిషికీ బండికీ మధ్య మిగలాల్సిన దూరం అదే కావచ్చు. వేగం 80కి పెరిగితే గుద్దుడు బలం మూడో వంతు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 60తో పోలిస్తే అది 1.8 రెట్లకి దగ్గరవుతుంది.

కంటి సంగతి కూడా ఉంది. కదులుతున్న వస్తువుని చూపు మెత్తగా వెంబడించాలి. తాగినవాడి కనుగుడ్లు కుదుపులతో కదులుతాయి. కొన్ని దేశాల పోలీసులు పెన్ను కొసని మొహం ముందు అటూ ఇటూ కదిపి చూసేది ఈ కుదుపుల కోసమే. ఎదుటి బండి హెడ్‌లైటు కళ్లలో పడ్డాక చూపు మళ్లీ కుదురుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. పక్కల నుంచి వచ్చేవి ఆలస్యంగా తెలుస్తాయి. ఇవన్నీ కారు నడిపేవాడికి. రెండు చక్రాల బండి మీద ఉన్నవాడికి వీటికి తోడు నిలకడ కావాలి. మలుపులో ఎంత వంచాలి, ఎక్కడ గ్యాస్ తగ్గించాలి అన్నది చిన్నమెదడు చూసుకునే పని, అది మత్తుకి చాలా తొందరగా లొంగుతుంది. కారు దారి తప్పితే చుట్టూ రేకైనా ఉంటుంది. బండి దారి తప్పితే నేలకి మొదట తగిలేది మనిషే.

ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది బయట ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఒక బండి మలుపులో జారింది, వెనక కూర్చున్న కుర్రవాడి తల నేలకి కొట్టుకుంది. పెద్దగా రక్తం లేదు. రెండు నిమిషాలు స్పృహ తప్పి మళ్లీ లేచాడు. మాట్లాడాడు కూడా. మిగతావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పోలీసులు, ఇంట్లోవాళ్లు, గొడవ ఎందుకని గదికి తీసుకెళ్లి పడుకోబెట్టారు. గంట తర్వాత వాంతి చేసుకున్నాడు, తర్వాత గాఢంగా గురక పెడుతున్నాడు. తాగినవాడు వాంతి చేసుకోవడంలో, గురక పెట్టడంలో వింతేముంది? పొద్దున్నే లేస్తాడులే అనుకున్నారు. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తనాళం తెగినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. మొదట తెలివి వస్తుంది, కొంతసేపు బాగున్నట్టే ఉంటుంది. లోపల రక్తం గడ్డకట్టి మెదడుని నొక్కేకొద్దీ మగత, వాంతి, గురక వస్తాయి, ఒక కంటిపాప పెద్దదవుతుంది. సమయానికి ఆపరేషన్ చేస్తే బతికే గాయం ఇది. దాన్ని ‘మందు మగత’ అనుకున్న ఆ కొన్ని గంటల్లో చేతికందిన ప్రాణం పోతుంది. ఆస్పత్రికి తీసుకొచ్చాక కూడా మత్తు డాక్టర్లకి అడ్డుపడుతుంది. పేషెంట్ సరిగ్గా జవాబివ్వకపోతే అది మందువల్లా, దెబ్బవల్లా అని స్కాన్ తీసేదాకా నమ్మకంగా చెప్పడం కష్టం. తాగి ఉన్నవాడి తలకి దెబ్బ తగిలితే, ఎంత చిన్నదిగా కనిపించినా, నిద్రపోనివ్వకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లడం ఒక్కటే దారి. ఈ ఒక్క సంగతి తెలియక పోయిన పిల్లలున్నారు. స్నేహితులు వాళ్లని ప్రేమగానే పడుకోబెట్టారు.

తాగినవాడు తన ప్రాణంతో తను ఆడుకుంటున్నాడని అనడం సగం నిజమే. 1988 మే 14 రాత్రి అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, కారల్టన్ దగ్గర హైవే మీద తాగిన వ్యక్తి ఒకడు పికప్ ట్రక్కుని ఎదురు దిశలో నడుపుకుంటూ వచ్చి ఒక బస్సుని గుద్దాడు. ఎమ్యూజ్‌మెంట్ పార్కు చూసి తిరిగొస్తున్న చర్చి బృందం అది, ఎక్కువమంది పిల్లలే. బస్సు అంటుకుని 27 మంది చనిపోయారు. ట్రక్కు నడిపినవాడు బతికాడు. ఆ బస్సులో ఉన్న పిల్లలు ఎవరూ ఏ తప్పుడు నిర్ణయమూ తీసుకోలేదు. వాళ్ల కోసం ఇంకెవరో తీసుకున్నారు.

చట్టాలు ఈ విషయాన్ని ఎప్పటి నుంచో పట్టుకునే ప్రయత్నం చేస్తున్నాయి. రక్తంలో ఆల్కహాల్‌కి నిర్దిష్టమైన పరిమితి పెట్టిన తొలి దేశం నార్వే, 1936లో 50 మిల్లీగ్రాములు. అమెరికాలో పోలీసు శాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో ఊపిరితో పరీక్షించే పరికరాన్ని తయారుచేశాడు. తర్వాత ఆయన ఆధ్వర్యంలోనే గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ప్రమాదం జరిగిన దాదాపు 6,000 మంది డ్రైవర్లనీ, అలాంటి చోట్లే అలాంటి వేళల్లోనే క్షేమంగా వెళ్తున్న 7,500 మందికి పైగా డ్రైవర్లనీ పోల్చి చూశారు. 1964లో వచ్చిన ఆ ఫలితాలు చాలా దేశాల చట్టాలకి పునాది అయ్యాయి. ఇప్పుడు ఇంగ్లండ్‌లో పరిమితి 80 మిల్లీగ్రాములు, ఇండియాలో 30, స్వీడన్‌లో 20. కొత్త డ్రైవర్ల విషయంలో ఇంకా కఠినంగా ఉన్న దేశాలు ఉన్నాయి. జర్మనీ 2007 నుంచి 21 ఏళ్లలోపు డ్రైవర్లకీ, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకీ ఒక్క చుక్క తాగినా బండి నడపకూడదన్న చట్టం అమలు చేస్తోంది. అమెరికాలో 21 నిండనివాళ్లకి 20 మిల్లీగ్రాములు దాటకూడదన్న నిబంధన 1998కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చింది. 11 రెట్లకీ 52 రెట్లకీ మధ్య తేడా చూశాక ఇందులో అన్యాయం ఏమీ కనబడదు.

పరిమితి కాగితం మీద ఉంటే చాలదని నేర్పింది బ్రిటన్ అనుభవం. అక్కడ 1967లో 80 మిల్లీగ్రాముల చట్టం, రోడ్డు మీద ఊపిరి పరీక్ష ఒకేసారి వచ్చాయి. వారాంతపు రాత్రుల్లో ప్రమాదాలు ఒక్కసారిగా పడిపోయాయి. కొన్నేళ్లు గడిచేసరికి మళ్లీ పెరగడం మొదలైంది. దీన్ని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త లారెన్స్ రాస్ ఒక మాట తేల్చాడు: పట్టుబడే అవకాశం తాము భయపడినంత లేదని జనానికి మెల్లగా అర్థమైంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరులో ఇంకో దారి పట్టింది. అనుమానం ఉన్నా లేకపోయినా, ఏ రోడ్డులోనైనా, ఎవరినైనా ఆపి పరీక్షించడం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. అక్కడ తగ్గిన మరణాలు తగ్గినట్టే నిలబడ్డాయి. జరిమానా ఎంత పెద్దది అన్నదానికంటే, ఈ రాత్రి దొరికిపోతానా అన్న ప్రశ్నే కుర్రవాడి చేతిని ఆపుతుంది. ఏడాదికి ఒకసారి హడావిడి చేసి వదిలేసే తనిఖీలతో ఆ భయం రాదు.

కానీ పోలీసు ప్రతి సందు చివరా ఉండడు. ఉండేది స్నేహితులు. తాగాక ‘ఎవరు నడపగలరు’ అని చర్చ పెట్టడం దండగ, ఎందుకంటే ఆ చర్చలో ఉన్న తలలన్నీ తాగినవే. అందరిలో తక్కువ తాగినవాడిని ఎంచుకోవడం కూడా అలాంటిదే. ‘వీడు రెండే తాగాడు’ అన్న లెక్క మీద బండి ఇచ్చేస్తారు. తాగకుండా నడపడానికి ఒప్పుకున్నవాడు కూడా మధ్యలో ‘ఒక్కటి’ అని మొదలుపెట్టడం మామూలుగా జరిగేదే. అందుకే ఈ పని మొదటి గ్లాసుకి ముందే తేలిపోవాలి. ఎవరు ఒక్క చుక్క కూడా ముట్టరు, లేకపోతే ఏ క్యాబ్‌లో వెళ్తాం, లేదా రాత్రి ఎక్కడ పడుకుంటాం అన్నది బండి తీసేటప్పుడే మాట్లాడుకోవాలి. అసలు బండే తీసుకెళ్లకపోతే ఇంకా తేలిక. లేని బండి తాళం కోసం ఎవరూ గొడవపడరు.

అలా అనుకోని రాత్రులు కూడా వస్తాయి. అప్పుడు తాళంచెవి తీసుకోవడం అన్నది నిజంగా కష్టమైన పని, ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. నలుగురి ముందు ‘నువ్వు తాగావు, నడపకు’ అంటే అవతలివాడికి అది పరువు సమస్య అయిపోతుంది, మొండికేస్తాడు. పక్కకి తీసుకెళ్లి ‘నాకు భయంగా ఉంది, నాతోపాటు క్యాబ్‌లో రా, పొద్దున్నే వచ్చి బండి తీసుకుందాం’ అంటే చాలామంది మెత్తబడతారు. కుదరకపోతే తాళం కనబడకుండా దాచేయడం కూడా తప్పేం కాదు. మర్నాడు తిట్టినా ఫర్వాలేదు. అలాగే వెనక సీటు. తాగినవాడి బండి ఎక్కనని చెప్పే హక్కు, ముఖ్యంగా ఇంటికి వెళ్లడానికి వేరే దారి లేదనుకునే అమ్మాయిలకి, ఎవరూ గుర్తుచేయరు. నడిపేది తను కాకపోయినా తల పగిలేది తనదే కావచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ల వంతు కూడా ఒకటుంది. తాగకూడదని చెప్పడం వాళ్ల బాధ్యత. అది చెప్పాక, ఒకవేళ తాగితే ఏం చేయాలో కూడా చెప్పి ఉంచాలి. ఇది ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని చాలామంది ఆ రెండో మాట చెప్పరు. దాంతో పిల్లలకి రోడ్డు మీద ప్రమాదం కంటే ఇంట్లో తిట్లే పెద్ద టెన్షన్ అయిపోతుంది. వాసన రాకుండా, ఆలస్యం కాకుండా, ఎవరికీ తెలియకుండా ఇంటికి చేరాలన్న ఆత్రం కూడా బండి వేగం పెంచుతుంది. ఫోన్ చేస్తే ఆ రాత్రి ప్రశ్నలుండవని, మాట్లాడాల్సింది ఏమైనా ఉంటే రెండు రోజులాగి మాట్లాడుకుంటామని ముందే మాటిచ్చి, ఫోన్ వచ్చిన రోజు ఆ మాట మీద నిలబడితే పిల్లలు ఫోన్ చేస్తారు. రాత్రి ఒంటిగంటకి నిద్రలో ఫోన్ ఎత్తి, గొంతులో కోపం వినబడనివ్వకుండా, "ఎక్కడున్నావు? అక్కడే ఉండు, వస్తున్నా" అని చెప్పి చెప్పులేసుకోవడం ఆ తల్లికో తండ్రికో తేలికేం కాదు.